రెప్ప రాసిన పుస్తకం, యంత్రం తెచ్చిన గొంతు

ఫ్రాన్స్‌లో ‘ఎల్’ పత్రిక సంపాదకుడు జాన్ డొమినిక్ బోబీ కథ మన పాఠకులకు కొత్త కాదు. పుస్తకం చదవనివాళ్లు 2007లో జూలియన్ ష్నాబెల్ తీసిన సినిమా అయినా చూసి ఉంటారు. 1995 డిసెంబరులో బోబీకి పక్షవాతం వచ్చి ఒళ్లంతా పడిపోయింది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన మాట వినేది ఎడమ కంటిరెప్ప ఒక్కటే. ఫ్రెంచిలో తరచుగా వచ్చే అక్షరాలు ముందుండేలా పేర్చిన వర్ణమాలను, ఆయన చెప్పింది రాసిపెట్టే క్లోద్ మాందిబిల్ చదువుతుంటే, కావలసిన అక్షరం దగ్గర ఆయన రెప్ప వాల్చేవాడు. అలా పుట్టిన ‘ది డైవింగ్ బెల్ అండ్ ది బటర్‌ఫ్లై’ 1997 మార్చిలో వెలువడింది. కొద్దిరోజులకే ఆయన కన్నుమూశాడు.

రెండోది అంత పరిచయం లేని కథ. 2005లో కెనడాలో ముప్పయ్యేళ్ల ఉపాధ్యాయిని ఒకరికి ఇదే జబ్బు వచ్చి మాట పోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం ఆమె మెదడు మీద 253 ఎలక్ట్రోడ్ల పలుచని పలక అమర్చింది. మాట్లాడాలని ఆమె ప్రయత్నించగానే పెదవులకూ నాలుకకూ వెళ్లవలసిన సంకేతాలను ఆ పలక పట్టుకునేది, కృత్రిమ మేధ వాటిని మాటలుగా మార్చేది. తెర మీద ఒక బొమ్మ ముఖం ఆ మాటలు పలికేది. గొంతు ఆమెదే, పెళ్లినాటి వీడియో నుంచి తీసినది. 2023లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

బోబీకి ఒక్కో మాటకు సగటున రెండు నిమిషాలు పట్టేదంటారు. ఆమెకేమో నిమిషానికి 78 మాటలు. ఆయన వాక్యాలను ముందే మనసులో చెక్కుకుని, కంఠస్థం చేసుకుని చెప్పేవాడు కనుక ఆ పుస్తకానికి అంత సాంద్రత వచ్చింది. కాని అక్షరం అక్షరం కూడేలోపు చమత్కారం చప్పబడిపోతుందని ఆయనే వాపోయాడు. మాటకు మాట అంటించే సుఖం ఆయనకు దక్కలేదు. యంత్రం ఆమెకు తిరిగి ఇవ్వజూసినది సరిగ్గా దాన్నే. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మంది కుంగుబాటుకు లోనవుతారు. అలాంటప్పుడు కబుర్లూ కసుర్లూ కూడా మందే.

అయినా ఈ రెండింటికీ చుట్టరికం ఉంది. ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందన్న లెక్క మీదే బోబీ వర్ణమాల నిలిచింది. అలాగే ఏ సంకేతం ఏ ధ్వని కావచ్చు, ఏ మాట తర్వాత ఏది రావచ్చన్న లెక్క మీద యంత్రం నడిచింది. రెండూ ఊహలే, రెండూ తప్పుతాయి. కళ్లజోడు అడగబోతే చందమామతో ఏం పని అని ఎదురు ప్రశ్న వచ్చిందని బోబీ చెప్పాడు. ఫ్రెంచిలో ఆ రెండు మాటల మొదలు ఒకటే మరి. యంత్రం రాసిన మాటల్లోనూ నాలుగింట ఒకటి తప్పేది. అయితే మాందిబిల్ ఊహ తప్పితే బోబీ ఆమె ముఖంలోకి చూసి సరిదిద్దవచ్చు. యంత్రం తప్పు మాత్రం మాట్లాడే మనిషి సొంత గొంతుతోనే బయటకు రాగలదు.

మనసు సంగతికి వచ్చేసరికి ఈ తేడా మరీ ముఖ్యం. మాట పడిపోయినవారి దిగులును కొలవడానికి వైద్యులు వాడే కొన్ని ప్రశ్నావళులను పక్కనున్నవాళ్లే నింపుతారు. రోజంతా చూసే మనిషికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? కాని అదీ ఊహే. అలాగే ముఖాన్నీ గొంతునూ బట్టి దిగులు పసిగట్టే సాఫ్ట్‌వేర్‌దీ ఊహే. పక్షవాతంలో కదలని ముఖం కండరం చచ్చుబడటం వల్ల కావచ్చు. అదుపు లేని ఏడుపు దుఃఖం లేకుండానే రావచ్చు. ఇంటివాళ్లు పొరబడతారు, యంత్రమూ పొరబడుతుంది. ‘అది కాదు, నేను చెప్పేది వేరు’ అనే వీలు రోగికి మిగిలిందా లేదా అన్నదే ఏ సాయానికైనా నా గీటురాయి.

ఆ వీలున్నవాళ్లు ఓదార్పు అందుకుంటూ కూర్చోరు. తాను కూరగాయగా మారిపోయాడన్న పుకారుకు బోబీ మిత్రులకు ఉత్తరాలు రాయించి జవాబిచ్చాడు. ఆ ఉపాధ్యాయిని పునరావాస కేంద్రంలో కౌన్సెలర్ కావాలనుకుంటోంది. రోగిని ఓదార్చే యంత్రాలు ఎన్నో వస్తాయి. రోగి మరొకరిని ఓదార్చేందుకు పనికొచ్చేదే వాటిలో మేలైనది.