అంతిమయాత్ర బండి ఎవరు కట్టారు?

మన గోదావరి జిల్లాల్లో పాత ఇళ్లలోని ట్రంకు పెట్టె అడుగున, పెళ్లి ఆల్బమ్‌కి దూరంగా ఒక కవరు ఉంటుంది. అందులో తాతగారి అంతిమయాత్ర ఫొటోలుంటాయి. ఇంట్లో ఉంచుకోకూడదంటారు కొందరు. పారేయడానికి మాత్రం ఎవరికీ చేతులు రావు. ఎవరింటికి వెళ్లినా ఆ కవరు చూపించమని అడుగుతాను. పోయినవారికి ఒక నమస్కారం పెట్టుకుని, ఆయన్ని తీసుకెళ్లిన బండి వైపు చూస్తాను. అది ఏ కాలం బండి, దాని తొట్టి ఏ ఊరి మేస్త్రి కట్టాడు? ఇన్నేళ్లుగా నన్ను పట్టుకున్న ప్రశ్నలివి.

అమెరికాలో శవవాహనం ఎవరు కట్టారో గుర్తుపట్టడం ఒక పెద్ద విద్య. 1909లో సిన్సినాటిలోని క్రేన్ అండ్ బ్రీడ్ కంపెనీ మోటారు శవవాహనం తయారుచేసి అమ్మింది. ఆ తర్వాత కాడిలాక్, ప్యాకార్డ్ చాసీల మీద హెన్నీ, సుపీరియర్, మిల్లర్-మీటియర్ లాంటి కంపెనీలు బాడీలు కట్టాయి. ఒకే చాసీ మీద కట్టినవాటికి ముందు భాగం ఒకటే. ఎవరు కట్టారో తెలియాలంటే పైకప్పు వంపు, కిటికీ మూల, పక్కన బిగించిన ఇనప కమ్మీ చూడాలి.

మన దగ్గర శవవాహనమంటూ విడిగా ఉండేది కాదు. పాడె కట్టి నలుగురూ మోసేవారు. పది ఊళ్ల జనం తరలివచ్చే పెద్దమనిషి పోతే లారీయో, ట్రాక్టరు ట్రక్కో తెచ్చేవారు. నాలుగు మూలలా అరటి బోదెలు నిలబెట్టి, కొబ్బరి మట్టలు కట్టి, బంతిపూలతో ముంచేసేవారు. దేశమంతా చూసిన అంతిమయాత్ర బండి కూడా ఇలా మార్చి కట్టినదే. 1948 జనవరి 31న గాంధీగారిని తీసుకెళ్లింది సైన్యం ఆయుధాలు మోసే బండి. అందరికీ ఆయన కనబడాలని రాత్రికి రాత్రే దాన్ని విప్పి ఎత్తైన వేదిక బిగించారు. ఇంజను నడపలేదు. నాలుగు మోకులు కట్టి, ఒక్కో మోకుకు యాభై మంది చొప్పున లాగారు. ఆ ఫొటోల్లో చక్రాల దగ్గర చూపు ఆపితే ఆ రాత్రి పనిచేసిన చేతులు గుర్తొస్తాయి నాకు.

మన ఫొటోల్లో పూలు చాలా దాచేస్తాయి. మిగిలేవి బండి మూతి, మడ్‌గార్డు, చక్రం, అదృష్టముంటే నంబరు ప్లేటు. మూతి మీద మూడు కోణాల నక్షత్రం ఉంటే అది టాటా-బెంజి. టెల్కో, డైమ్లర్-బెంజ్ ఒప్పందం 1954 నుంచి 1969 వరకు నడిచింది. ఆ తర్వాత నక్షత్రం పోయి టాటా వారి ‘టీ’ గుర్తు వచ్చింది. అయితే అది బండి పుట్టిన కాలమే గానీ ఫొటో తీసిన కాలం కాదు. మన లారీలు ముప్పై ఏళ్లు కూడా తిరిగేవి. ఏపీ తర్వాత అంకె ఉన్న నంబరు కనబడితే 1989 తర్వాత తీసినదన్నమాట. అందులో 5 తూర్పు గోదావరి, 37 పశ్చిమ గోదావరి. ఫొటో మూలన వెనక నిలువు డ్రమ్ము ఉన్న బస్సు కనబడితే, పెట్రోలు కరువులో బొగ్గు గ్యాసుతో బస్సులు నడిపిన రెండో ప్రపంచ యుద్ధం రోజులది.

రాజమండ్రి రేవుల్లో తీసిన ఫొటో అయితే గోదావరే తేదీ చెబుతుంది. 1900 నాటి హేవలాక్ వంతెన ఒక్కటే ఉంటే 1974కు ముందుది. రోడ్డు-రైలు వంతెన కూడా ఉంటే ఆ తర్వాతది. ఆర్చి వంతెన విల్లు వంపులు పూర్తిగా కనబడితే 1997 దగ్గరికో, ఆ తర్వాతికో రావాలి. కోనసీమ ఫొటోల్లో లారీ గోదావరి దాటించే పంటు మీద ఉంటే నాకు మరీ ఇష్టం. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య ఇప్పటికీ పంటే దాటిస్తోంది.

కాలం ఇలా దొరుకుతుంది. కట్టినవాడు దొరకడం కష్టం. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి చాలా లారీలు ఉత్త చాసీలుగా వచ్చేవి. క్యాబిన్, తొట్టి ఇక్కడి వడ్రంగులు, కమ్మరులు కట్టేవారు. ఒకసారి ఇలాంటి ఫొటో పట్టుకుని, పని మానేసిన ఒక పెద్ద మేస్త్రిగారి దగ్గరికి వెళ్లాను. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఫొటోని ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. “ఇది మావోళ్ల పనేనండి. క్యాబిన్ మూల చూడండి, చెక్క అంచు గుండ్రంగా తీసేం కదండీ? బెజవాడోళ్లయితే రేకు మడిచేత్తారండి. కొక్కేలు కూడా మా కొలిమిలో కొట్టినయ్యేనండి, ఆయ్” అన్నారు. ఆయన వేలు పెట్టి చూపించేదాకా ఆ అంచు నా కంటికి ఆనలేదు. లెక్కల పుస్తకం, డ్రాయింగు ఏమైనా ఉన్నాయా అని అడిగితే, కొలతలన్నీ గోడ మీద సుద్దతో రాసుకునేవాళ్లమన్నారు. ఆ గోడకి ఎన్నిసార్లో సున్నం పడింది.

అందుకే ఈ ఫొటోల విలువ నాకు అంత పెద్దదిగా కనబడుతుంది. మామూలు రోజుల్లో లారీని ఎవరూ ఫొటో తీయలేదు. ఫొటోగ్రాఫర్‌కి డబ్బులిచ్చి పిలిచింది పెళ్లికి, చావుకి. మన మేస్త్రుల పనితనానికి మిగిలిన రుజువుల్లో చాలా భాగం ఈ కవర్లలోనే ఉంది. ఇప్పుడు చాలా లారీలు క్యాబిన్‌తో సహా ఫ్యాక్టరీలోనే తయారై వస్తున్నాయి. మున్సిపాలిటీల వైకుంఠ రథాలు, ప్రభుత్వాసుపత్రుల నుంచి మృతదేహాల్ని ఇంటికి చేర్చే మహాప్రస్థానం వాహనాలు వచ్చాయి. అవి పేదవాళ్లకు చేసే మేలు పెద్దది, అవి ఉండాల్సిందే. పాత తొట్టెలు మాత్రం తుక్కు కింద పోయాయి.

మీ ఇంట్లో అలాంటి ఫొటో ఉంటే ఫోన్లోకి ఎక్కించేటప్పుడు ముఖం వరకే కత్తిరించకండి. అంచుల దాకా ఉంచండి. వెనక వైపు మెత్తటి పెన్సిలుతో ఊరు, సంవత్సరం, లారీ ఎవరిదో రాయండి. బాల్‌పెన్ను వద్దు, గీతలు ముందుకు తేలతాయి. తొట్టి కట్టిన మేస్త్రి పేరు తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి.