పెద్దోడు పుట్టిన యేడు

పలాస వైపు నుంచి వచ్చిన ఆ పెద్దాయన చొక్కా ఎత్తగానే రొమ్ము కింది నుంచి బొడ్డు దాకా నిలువుగా పాత కోత.

"ఇదెప్పటిది పెద్దాయనా?"

"అల్సరుకి వైజాగు కేజీహెచ్‌లో కోసినారు బాబూ. మా పెద్దోడు పుట్టిన యేడు."

పెద్దోడు పక్కనే ఉన్నాడు, నెరిసిన మీసంతో. కాగితం ఒక్కటీ లేదు. నలభై ఏళ్ల నాటి కేసు షీటు ఆ మీసమే.

మా తరం సర్జన్ల చెయ్యి తిరిగింది ఈ ఆపరేషన్ మీదే. అల్సర్ ముదిరి తిన్నది దిగకపోతే, ఆమ్లాన్ని ఊరించే వేగస్ నరం కోసి, చిన్నపేగుని తెచ్చి కడుపుకి కలిపేవాళ్లం. 1982లో డాక్టర్లు మార్షల్, వారెన్ అల్సర్ తెచ్చే బాక్టీరియా హెలికోబాక్టర్‌ని పట్టుకున్నాక, ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ మాత్ర వచ్చాక ఆ పని పోయింది. కొంచెం దిగులేసింది కూడా, దాచడమెందుకు.

పేగు కలిపిన కడుపులు మాత్రం శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో ఉండిపోయాయి. పైత్యరసం ఏళ్ల తరబడి వెనక్కి తన్ని ఆ అతుకు దగ్గరి పొరని ఒరిపిడి పెడుతుంది. పదిహేను, ఇరవై ఏళ్లు దాటాక కొందరికి అక్కడే కాన్సర్. అమెరికాలో సర్జన్ బాల్ఫోర్ ఈ సంగతి 1922లోనే రాశాడు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మని నోరు తెరవమని కాన్సర్ కోసం అంగిలి చూడటం మా జిల్లాల డాక్టర్లకి అలవాటే. అల్సర్ కోత ఉన్నవాడికి ఎండోస్కోపీ చేయించడం అలవాటు కాలేదు. ఆ రోగి కూడా "మళ్లీ పాత గ్యాసే" అనుకుని మందుల షాపుకి పోతాడు.

ఈ కాన్సర్ కోసం మళ్లీ కోస్తే లోపల ఏదీ ఉండాల్సిన చోట ఉండదు. కాలేయం, పెద్దపేగు పాత కోతకి అతుక్కుపోయి ఉంటాయి. వాటిని విడదీయడానికే గంటలు పడుతుంది. కడుపంతా తీసి, అన్నవాహికని చిన్నపేగుకి కలపాలి. మనం కలిపిన పేగు వెంటే కాన్సర్‌కి కొత్త దారి దొరికింది గనక, ఆ పేగు ముక్కనీ దాని లింఫ్ గ్రంథుల్నీ కూడా తీయాలి.

ఇంత కష్టం గనక ఫలితం ఉండదని డాక్టర్లే చేతులెత్తేస్తుంటారు. నేనొప్పుకోను. గడ్డ మొత్తం తీయగలిగితే, అదే దశలో ఉన్న మామూలు కడుపు కాన్సర్ రోగులతో దాదాపు సమానంగా బతుకుతారని జపాన్, కొరియా సర్జన్ల అనుభవం. దెబ్బతీసేది ఆలస్యం.

పలాస పెద్దాయనకీ ఆ అతుకు దగ్గరే కాన్సర్; గడ్డ మొత్తం తీయగలిగాం. బీ12 సూది ఇక జీవితాంతం. గంజి పట్టగానే చోడంబలి అడిగాడు.

డిశ్చార్జి కాగితాన్ని పెద్దోడు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో లామినేషన్ చేయించి తెచ్చి చూపించాడు.