ఆగిన రాత్రే ఊరికి ఆదాయం

వేములవాడలో సోమవారం రాజన్న దర్శనం, కోడె మొక్కు. మంగళవారం బద్ది పోచమ్మకు బోనం. మా మల్లాపూర్, కోరుట్ల దిక్కు నుంచి కథలాపూర్ మీదుగా పోయే కుటుంబాలు చాలావరకు రెండు మొక్కులూ తీర్చుకునే ఇంటికొస్తాయి. నడుమ ఒక రాత్రి అక్కడే. ఆ రాత్రి మీద ఎన్ని ఇళ్ల పొయ్యిలు వెలుగుతున్నాయో చిన్నప్పటి నుంచి చూస్తున్నాను.

దేవస్థానం గదులు నిండితే జనం లాడ్జీలకు, కిరాయి ఇళ్లకు మళ్లుతారు. అర్ర చూపించగానే మా ఇంటి ఆడవాళ్లు మంచం సంగతి అడగరు. "నల్లా వస్తదా? పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలె?" అంటారు. బోనం వండాలి, కోడిని కోస్తే కూర చేయాలి, వెంటవచ్చిన చుట్టాలందరికీ వడ్డించాలి. అందుకే నా లెక్కలో అక్కడ మంచి గెస్ట్ హౌస్ అంటే ఏసీ ఉన్నది కాదు. నీళ్లు, వంటకు జాగా ఉన్నది. గది యజమానికి దక్కేది కిరాయి ఒక్కటే. కొత్త కుండ, కిరాయి గంజులు, కోడి, బెల్లం, పసుపు, పొద్దుటి చాయ్, ఆటో... మిగతా ఖర్చంతా బజారులో పదిమందికి చేరుతుంది.

ధర్మపురిలో నరసింహస్వామి ఉన్నాడు, గోదావరి ఉంది, అరుదైన యమధర్మరాజు గుడీ ఉంది. అయినా నేను చూసినంతలో స్నానం, దర్శనం కాగానే బస్సెక్కేవారే ఎక్కువ. వాళ్లు ఒక రాత్రి ఆగితే మర్నాడు కొండగట్టు అంజన్నను, జగిత్యాల కోటను చూస్తారు. సిరిసిల్ల దాకా పోయి బట్టలూ కొంటారు.

మా మల్లాపూర్ మండలంలో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. పని కోసం గల్ఫ్ పోయినవాళ్లు కట్టుకున్న ఇళ్లలో పై అంతస్తులు ఎన్నో ఖాళీగా ఉన్నాయి. మండలం అంచున గోదావరి పారుతోంది. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. ఆ గదుల్లో కొన్నింటిని ఇప్పుడే సిద్ధం చేసుకోవాలి. శుభ్రమైన మరుగుదొడ్డి, నల్లా, వంటకు జాగా ఉంటే చాలు. కిరాయి ఎంతో గోడ మీద రాసిపెట్టాలి. రద్దీ రోజున పెంచకూడదు. ఒకసారి మోసపోయిన కుటుంబం తానూ రాదు, చుట్టాలనూ రానివ్వదు. నిర్వహణ మహిళా సంఘాలకిస్తే ఆ డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది. పుష్కరాలు పన్నెండు రోజుల్లో అయిపోతాయి. నమ్మకం సంపాదించుకున్న గదులకు మాత్రం ఆ తర్వాత కూడా, శివరాత్రికీ కార్తీకానికీ, మనుషులు వస్తూనే ఉంటారు.