కొట్టం, క్రాఫ్ట్, కల్లు

ఒక ఫ్రెండ్ రెండు పేజీల రైటప్ పంపి, "జర తెలుగు సాఫ్ జేసి పెట్టురా" అన్నాడు. వాళ్లది కరణ్‌కోట. తాండూరు పక్కన, సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. అక్కడ వాళ్ల తాతల నాటి పశువుల కొట్టం ఒకటుంది. నాపరాయి గోడలు, కుంగిన కప్పు. ఎద్దులు పోయి చాలా ఏళ్లైంది. ఇప్పుడందులో విరిగిన నాగలి, ట్రాక్టర్ టైర్లు, కందికట్టె. దాన్నొక చిన్న క్రాఫ్ట్ బ్రూవరీగా మార్చాలన్నది వాడి కల. లైసెన్సు లేదు, లోను లేదు, ట్యాంకులు లేవు. కథ మాత్రం రెడీగా ఉంది.

నేను చూడాల్సింది అచ్చుతప్పులే. కానీ చదువుతుంటే ఇది వాడొక్కడి కథ కాదనిపించింది. దీనికో ఫార్ములా ఉంది. తాత. పడిపోతున్న కప్పు. సిటీలో ఉద్యోగం వదిలేసి వెనక్కొచ్చిన మనవడు. తీసేయకుండా దాచుకున్న పాత దూలం. చివర్లో మొదటి గ్లాసు. ట్రావెల్ షోల్లో, బీరు కంపెనీల "అవర్ స్టోరీ" పేజీల్లో ఈ కథని ఎన్నిసార్లు చదివుంటామో. ఇదిప్పుడు ఒక సాహిత్య ప్రక్రియ. కాబట్టి మిగతా ప్రక్రియల్లాగే దీన్నీ విమర్శకి పెట్టాలి.

ముందు ఈ కథ ఎక్కడ పుట్టిందో చూద్దాం. ఇంగ్లిష్‌లో "బార్న్" అనే మాట పాత ఇంగ్లిష్‌లోని రెండు ముక్కలు కలిసి ఏర్పడింది. "బెరె" అంటే బార్లీ, "ఎర్న్" అంటే ఇల్లు. అంటే బార్న్ అన్నది బార్లీ ఇల్లు. బార్లీ ఇంట్లో బీరు తయారుచేస్తే, ఆ భవనం తన పేరులో ఉన్న గింజ దగ్గరికే తిరిగి వచ్చినట్టు. బెల్జియంలో టూర్ప్ అనే పల్లెలో డ్యూపాంట్ బ్రూవరీ ఉంది. 1844లో ఒక వ్యవసాయ క్షేత్రంలో మొదలైంది. కొడుకు కెనడా వెళ్లి రైతు అవుతానంటే, వెళ్లకుండా ఆపడానికి తండ్రి 1920లో దాన్ని కొనిచ్చాడు. వాళ్ల ప్రసిద్ధ బీరు రకం సైసన్. పొలం కూలీల కోసం చలికాలంలో చేసి, కోతల కాలంలో పోసేవాళ్లని దాని కథ. ఆ కథకి ఆధారాలెంతని బీరు చరిత్ర రాసేవాళ్లు కొందరు ప్రశ్నించారు కూడా. అయినా గమనించండి, ఆ కథలో కనీసం కూలీ ఉన్నాడు.

అమెరికాలో వెర్మాంట్‌లోని హిల్ ఫార్మ్‌స్టెడ్ బ్రూవరీ 2010లో మొదలైంది. షాన్ హిల్ తన తాత పాడి చేసుకున్న నేల మీదే దాన్ని పెట్టాడు. బీర్లకి తన పూర్వీకుల పేర్లు పెడతాడు. ఎడ్వర్డ్ అనే బీరు ఆ తాత పేరే. ఇక లార్స్ మారియస్ గార్షోల్ 2020లో తెచ్చిన పుస్తకం నార్వే, లిథువేనియా, రష్యా పల్లెల్లో ఇళ్ల దగ్గర బీరు చేసే పద్ధతుల్ని రికార్డు చేసింది. నార్వే పడమటి పల్లెల్లో పులియబెట్టే ఈస్ట్‌ని చెక్క కంకణాల మీద ఆరబెట్టి దాచుకుంటారు. పాడైతే పక్కింటి వాళ్ల దగ్గర తెచ్చుకుంటారు. మనింట్లో పెరుగు అయిపోతే తోడు తెచ్చుకోమా, అట్లా.

ఇవన్నీ పని చేసే కథలు. ఎందుకంటే వాటిలో భవనానికీ గింజకీ మనిషికీ మధ్య పాత చుట్టరికం ఉంది. నా ఫ్రెండ్ రైటప్‌లో "మా మట్టి వాసన" అనే మాట మూడుసార్లు వచ్చింది. ఆ మట్టి దగ్గరకే వెళ్దాం.

కరణ్‌కోట చుట్టూ నల్లరేగడి. పండేది కంది, జొన్న, శనగ. తాండూరు కందికి 2022లో జీఐ ట్యాగ్ వచ్చింది. బార్లీ ఇక్కడి పంట కాదు. మాల్ట్ బయటి నుంచి, హాప్స్ ఎక్కువగా విదేశాల నుంచి రావాలి. ఇక్కడిదే వాడతానంటే జొన్న ఉంది. ఆఫ్రికాలో జొన్న బీరు తరాలుగా తాగుతున్నారు. నైజీరియా 1988లో బార్లీ మాల్ట్ దిగుమతి ఆపేస్తే అక్కడి పెద్ద కంపెనీలే జొన్నకి, మొక్కజొన్నకి మళ్లాయి. కానీ జొన్నతో పని తేలిక కాదు. బార్లీకి ఉన్న పొట్టు దీనికి లేదు, వడకట్టడం కష్టం. పిండి ఉడకడానికి వేడి ఎక్కువ కావాలి. రైటప్‌లో జొన్న ఊసే లేదు.

రాయి ఊసు మాత్రం పేరా నిండా ఉంది. "తాండూరు బండల మీద నిలబడి తాగే బీరు" అని. మంచి వాక్యమే. చిక్కేంటంటే తాండూరు బండ సున్నపురాయి. బీరు పీహెచ్ 4కీ 4.5కీ మధ్య ఉంటుంది. ట్యాంకులు కడిగే యాసిడ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆమ్లం పడితే ఈ బండ తినేసుకుపోతుంది. అందుకని బ్రూవరీ నడిచే చోట బండ తీసేసి, యాసిడ్‌కి తట్టుకునే ఫ్లోరింగ్ వెయ్యాలి, నీళ్లు పోవడానికి వాలు పెట్టాలి. బండ ఎక్కడ మిగులుతుంది? గాజు అద్దానికి ఇవతల, కస్టమర్లు కూర్చునే చోట.

నాకు ఈ ప్రక్రియ మొత్తం ఆ అద్దం దగ్గర అర్థమైంది. కొట్టంలో కంటికి కనబడేదంతా ఇవతల ఉండిపోతుంది: రాయి, దూలం, గోడకి తగిలించిన కాడి. పనంతా అవతల స్టీలులో జరుగుతుంది. హైదరాబాద్‌లో ఎడ్లబండి చక్రాన్ని గోడకి కొట్టిన రెస్టారెంట్లు చూసే ఉంటారు. కొట్టం అక్కడ వాల్‌పేపర్.

మరి కొట్టంలో పని చేసిందెవరు? మన పల్లె గురించి రాసినవాళ్లు గడి గురించి చాలా రాశారు. దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు" చదివినవాళ్లకి గడి కళ్లముందుంటుంది. కొట్టం అంత కనబడదు. కొట్టం దొరది కావచ్చు, కొంచెం పొలమున్న రైతుది కావచ్చు. పేడ తీసింది, గడ్డి వేసింది, రాత్రిళ్లు ఎడ్ల పక్కనే పడుకుంది చాలాచోట్ల జీతగాడు. రైటప్‌లో మొదటి వాక్యం ఇదీ: "మా తాత తన చేతులతో నిలబెట్టిన కొట్టం." తాత నాలుగు పేరాల్లో ఉన్నాడు. ఎద్దులకి పేర్లున్నాయి. జీతగాడు ఒక్క వాక్యంలో కూడా లేడు.

ఇప్పుడు ఆ "క్రాఫ్ట్" అనే మాట. వాడు దాన్ని తెలుగు చేయమన్నాడు. నేను రెండు రోజులు తిప్పలు పడ్డాను. హస్తకళ అంటే బొమ్మల కొలువు గుర్తొస్తుంది. చేతిపని అంటే సరిగ్గా సరిపోతుంది గానీ బీరు పక్కన నిలబడదు. ఇంకా దగ్గరి మాట వృత్తి. మన ఊళ్లలో వృత్తి అనగానే దాని ముందు "కుల" వచ్చి కూర్చుంటుంది. క్రాఫ్ట్ అని ఇంగ్లిష్‌లో అన్నంతసేపు చేసేవాడికి కులం ఉండదు. తెలుగులో అంటే ఉంటుంది.

ఎందుకంటే చేతితో, తక్కువ మోతాదులో, ఆ ఊరి చెట్టు నుంచి తీసి, ఆ గాలిలోని ఈస్ట్‌తోనే పులిసే పానీయం మనకి ఎప్పట్నుంచో ఉంది. కల్లు. లొట్టిలో చుక్క పడ్డప్పటి నుంచే పులియడం మొదలవుతుంది. పొద్దున తీసిన దానికీ సాయంత్రం దానికీ రుచి వేరు. తాటిది వేరు, ఈతది వేరు. మోకు, ముస్తాదు కట్టుకుని గౌడన్న రోజూ ప్రాణం పణంగా పెట్టి ఎక్కుతాడు. బీరు మెనూల్లో వాడే "లోకల్", "వైల్డ్", "స్మాల్ బ్యాచ్" అనే మాటలన్నీ కల్లుకి అక్షరాలా వర్తిస్తాయి. కానీ ఒక్కటీ దక్కలేదు. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు 2004లో మూయించారు, 2014లో మళ్లీ తెరిపించారు. మధ్యలో పదేళ్లు. తెలంగాణలో మైక్రోబ్రూవరీలకి నిబంధనలు 2015లో వచ్చాయి. 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ వచ్చింది. అది నీరా, పులవనిది. పులిసిన దానికి ఆ మర్యాద ఇంకా రాలేదు.

కల్లుని రొమాంటిక్ చేయడం నా ఉద్దేశం కాదు. మత్తుమందు కలిపిన కల్లు తాగి మనుషులు చనిపోయారు. తాగుడు మీద నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఆడవాళ్లు లేచి నిలబడితే 1993లో సారా ఆగింది, 1995లో మద్యనిషేధం వచ్చింది, అదీ ఎక్కువ కాలం నిలవలేదు. సారా అన్నా కల్లు అన్నా మనకి ఈ చరిత్ర గుర్తొస్తుంది, రావాలి కూడా. క్రాఫ్ట్ బీరు అంటే మాత్రం ఏదీ గుర్తు రాదు. ఈ ప్రక్రియ చేసే అసలు పని అదే. ఒక పానీయాన్ని దాని జ్ఞాపకాల నుంచి విడదీసి, తాత ఫోటో పక్కన పెడుతుంది.

అయితే వాడి కల తప్పా? అలా అనను. క్వారీ, ఫ్యాక్టరీ, లేదా తాండూరు స్టేషన్‌లో హైదరాబాద్ రైలు, ఆ ఊరి కుర్రాళ్లకి కనబడే దారులు ఇవే. సొంతూళ్లో ఏదో ఒకటి నిలబెట్టాలనుకోవడంలో అబద్ధం లేదు. అబద్ధమంతా రైటప్‌లోనే ఉంది. నిజం చెప్పే రైటప్ ఎలా ఉండొచ్చు? లీటరు బీరుకి ఐదారు లీటర్ల నీళ్లు పోతాయని, ఆ నీళ్లు ఏ బోరువో చెప్పొచ్చు. వెయ్యి లీటర్ల బీరు తీస్తే దాదాపు 200 కిలోల తడి పిప్పి మిగులుతుందని, అది పశువులకి మంచి దాణా అని చెప్పొచ్చు. కొట్టంలోంచి పశువులు వెళ్లిపోయాక అది ఎవరింటికి చేరుతుందో కూడా చెప్పొచ్చు. ఈ వివరాలు అందంగా ఉండవు గానీ, మిగతా "మట్టి వాసన" అంతటికంటే వీటికే మట్టి ఎక్కువ అంటుకుని ఉంది.

నేను అచ్చుతప్పులు దిద్ది పంపాను. మొదటి వాక్యంలో "తన చేతులతో" కింద గీత గీసి, పక్కన "ఎవరి చేతులు?" అని రాశాను.

నాలుగు రోజులు జవాబు లేదు. ఫీలయ్యాడనుకున్నా. తర్వాత ఫోన్ చేశాడు. వాళ్ల నాయినమ్మని అడిగాడట. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పేరు చెప్పిందట, ఇల్లు ఎక్కడో చెప్పిందట, కొడుకు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా చేశాడని కూడా చెప్పిందట. ఇన్నేళ్లలో తనకి తెలీకపోవడానికి కారణం ఒక్కటే, ఎప్పుడూ అడగలేదు.

"ఆ పేరు రైటప్‌ల పెట్టాల్నా?" అన్నాడు.

ముందు వాళ్లింటికి పోయి వాళ్లనడుగు, అన్నాను.