పదును నిలిపే చెయ్యి

వాడిన బ్లేడును పారేయకుండా తోలు మీద నాలుగుసార్లు ఆడించి మళ్లీ రేజర్లో బిగించుకోవడం నా అలవాటు. కొట్టుకు వెళ్తే మూడు నాలుగు రూపాయలకు కొత్తది వస్తుంది కదా, ఈ శ్రమ దేనికని చూసినవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. డబ్బు లెక్క వేస్తే ఇందులో మిగిలేది టీ ఖర్చుకు కూడా చాలదు. అయినా నేను మానలేదు. పదును ఎందుకు పోతుందో, ఎలా నిలుస్తుందో నాకు అర్థమైంది ఆ తోలు మీదే.

మన పల్లెల్లో నాయీ బ్రాహ్మణుల పొదిలో ఒకప్పుడు కత్తితోపాటు రెండు వస్తువులు ఉండేవి. ఒకటి నున్నటి సానరాయి, రెండోది తోలు ముక్క. కత్తి మరీ మొద్దుబారినప్పుడే రాయి బయటికి వచ్చేది. తోలు మాత్రం గడ్డం గడ్డానికీ కావాలి. అరుగు మీద మనిషిని కూచోబెట్టి, గడ్డం తడిపి, అది నానేలోపు కత్తిని తోలు మీద అటూ ఇటూ తిప్పుతూ ఆడించేవారు. తోలు లేకపోతే అరచేతి మీదే. ఈ రెంటి పనీ వేరు. రాయి ఉక్కును అరగదీసి కొత్త అంచు పుట్టిస్తుంది. తోలు ఉన్న అంచునే సరిచేస్తుంది. వెంట్రుకలు కోసీ కోసీ ఆ సన్నటి అంచు గాలికి వరిచేను ఒరిగినట్టు అక్కడక్కడా పక్కకు ఒరుగుతుంది. తోలు దాన్ని మళ్లీ నిటారుగా నిలబెడుతుంది, అంటుకున్న మడ్డిని తుడిచేస్తుంది. మందపాటి వెన్ను ఉన్న మంచి కత్తి ఈ సేవతో ఏళ్ల తరబడి పనిచేసేది.

ఈ సేవే అక్కర్లేకుండా చేస్తానని బయల్దేరినవాడు కింగ్ క్యాంప్ జిలెట్. అమెరికాలో సీసా మూతలు చేసే కంపెనీలో సేల్స్‌మన్. ఆ మూతను కనిపెట్టిన విలియం పెయింటర్, వాడి పారేసే వస్తువు ఏదైనా కనిపెట్టమని, అప్పుడు కొన్నవాళ్లే మళ్లీ మళ్లీ వస్తారని ఆయనకు సలహా ఇచ్చాడు. 1895లో గడ్డం గీసుకుంటూ ఉండగా జిలెట్‌కు పలచటి రేకు బ్లేడు ఆలోచన తట్టింది. అంత పలచటి ఉక్కుకు పదును నిలిచేంత గట్టిదనం తేవడం కుదరదని తెలిసినవాళ్లు తేల్చేశారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు కుదురుతుందని చేసి చూపించాడు. అమ్మకాలు మొదలైన 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. 1904 నవంబరులో పేటెంట్ వచ్చింది. తోలు అక్కర్లేదు, సాన అక్కర్లేదు అన్నదే ఆ కంపెనీ ప్రచారం. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం 35 లక్షల రేజర్లు, 3 కోట్లకు పైగా బ్లేడ్లు తెప్పించింది. యుద్ధం ముగిసి ఇళ్లకు చేరిన సైనికులతోపాటు ఆ రేజరూ ఇళ్లలోకి వచ్చింది.

పారేయమని చెప్పినా జనానికి మనసొప్పలేదు. అమెరికాలో ట్విన్‌ప్లెక్స్ అనే చిన్న యంత్రం వచ్చింది. లోపల బ్లేడు పెట్టి పిడి తిప్పితే తోలు చుట్టిన రోలర్లు అంచులను రాసేవి. స్విట్జర్లాండ్‌లో అల్లెగ్రో పెట్టె, ఇంగ్లాండ్‌లో లిల్లిక్రాప్ పేరుతో గాజు సాన అమ్ముడుపోయాయి. హెన్రీ గైస్మన్ అనే ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. బ్లేడు బయటికి తీసే పని లేకుండా, తోలు పట్టీని రేజరు తలలోంచే దూర్చి లాగే ఏర్పాటు చేశాడు. పట్టీ అటు పోయినప్పుడు ఒక ముఖం, ఇటు వచ్చినప్పుడు రెండో ముఖం తోలుకు తగిలేవి. దాని పేరు ఆటోస్ట్రాప్. 1930లో పేటెంట్ తగాదా ముదిరాక ఆయన కంపెనీ, జిలెట్ కంపెనీ ఒకటయ్యాయి. పెత్తనం గైస్మన్‌కు దక్కింది. తోలు వద్దని పెరిగిన కంపెనీకి తోలును నమ్మిన మనిషి పెద్ద అయ్యాడు.

ఈ యంత్రాలేవీ లేని ఇళ్లలో గాజు గ్లాసు ఉండేది. మన పాత తరం మగవాళ్లలో చాలామందికి ఈ పద్ధతి తెలుసు. గ్లాసు లోపలి గోడకు బ్లేడును నిలువుగా ఆనించి, మధ్యలో వేలితో మెల్లగా అదిమి, గోడ వెంబడి అటూ ఇటూ జరిపేవారు. గాజు వంపు వల్ల రెండు అంచులూ ఒకేసారి ఆనుతాయి. తర్వాత తిప్పి రెండో ముఖం. అప్పటి బ్లేడ్లు పూత లేని కార్బన్ ఉక్కువి. తడి తగిలితే తుప్పు, వాడితే మొద్దు. వాటికి ఈ సేవ బాగా పనికొచ్చింది.

తర్వాత బ్లేడే మారింది. 1962లో విల్కిన్సన్ స్వోర్డ్ పూత వేసిన స్టెయిన్‌లెస్ బ్లేడు తెచ్చింది. నాన్‌స్టిక్ పెనాలకు వాడే జాతి పూతే అంచు మీద అతి పలచగా ఉండి, వెంట్రుకలోకి ఉక్కు సులువుగా జారేలా చేస్తుంది. ఇప్పుడు మన కొట్లలో దొరికేవీ ఎక్కువగా ఈ తరహావే. తోలు ఈ పూతను తిరిగి తేలేదు. గట్టిగా రుద్దితే మిగిలింది కూడా పోతుంది. అందుకే తోలు మీద ఆడిస్తే బ్లేడు ఎన్నాళ్లయినా వస్తుందనే మాటను నేను నమ్మను. కొత్త బ్లేడు తోలు మీద పెట్టను. గీసేటప్పుడు వెంట్రుకను కొద్దిగా పట్టుకుంటోందని తెలిశాకే తోలు మీదికి తీస్తాను. అప్పుడది ఇంకొన్ని గడ్డాలకు మెత్తగా నడుస్తుంది. అంతకు మించి ఆశించను.

వెంట్రుక కంటే ఉక్కు ఎంతో గట్టిది కదా, మరి పదును ఎలా పోతుంది? అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు దీన్ని పట్టుకుని చూశారు. వాళ్ల పరిశోధన 2020లో సైన్స్ పత్రికలో వచ్చింది. జాన్లూకా రోషోలి అనే పరిశోధకుడు తన గడ్డమే గీసుకుంటూ, ఆ బ్లేడు అంచును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తూ వచ్చాడు. వెంట్రుక కంటే ఉక్కు సుమారు 50 రెట్లు గట్టిది. అయినా అంచు అరిగి గుండ్రబడటం కాక, చిన్న చిన్న పెచ్చులుగా లేచిపోవడం ఆయనకు కనిపించింది. అంచులో ఉక్కు నిర్మాణం అంతటా ఒకేలా ఉండదు. అలా బలహీనంగా ఉన్న చోటికి వంగిన వెంట్రుక ఏటవాలుగా తగిలితే అక్కడ పెచ్చు లేస్తుంది.

ఈ సంగతి తెలిశాక నా తోలు పనిని కొత్తగా చూశాను. ఒరిగిన అంచును తోలు నిలబెడుతుంది. పెచ్చు లేచిన చోటు మాత్రం తిరిగి రాదు. అంటే బ్లేడు ఆయువులో పెద్ద వాటా తోలు దగ్గర లేదు, ముఖం మీద ఉంది. వెంట్రుక వంగకుండా, మెత్తబడి తెగేలా చూసుకోవాలి. వెంట్రుక నీళ్లు పీలిస్తే మెత్తబడుతుంది, కోయడానికి బలం తక్కువ పడుతుంది. రెండు మూడు నిమిషాలు గోరువెచ్చటి నీళ్లతో తడిపి, నురుగు బాగా పట్టించి, మొదట వెంట్రుక వాలు చూసుకుని ఆ వాలునే గీయాలి. రేజరును అదమకూడదు. దాని బరువు దానికి చాలు.

ఆ అదమకపోవడం నేర్పింది మాత్రం తోలే. నా దగ్గర ఉన్నది పాత బెల్టు ముక్క, చెక్కకు అతికించింది. బ్లేడును పొట్టి వైపుల పట్టుకుంటాను, అక్కడ పదును ఉండదు. రెండు వైపులా పదునున్న బ్లేడుతో ఒక చిక్కు ఉంది. బల్లపరుపుగా పెట్టి లాగితే ముందు నడిచే అంచు తోలును కోసేస్తుంది. కాబట్టి ముందు అంచును కొద్దిగా పైకెత్తి, వెనక అంచు ఒక్కటే తోలును తాకేలా లాగాలి. తర్వాత తిప్పి రెండో ముఖం. రెండో అంచుకూ అంతే. నాలుగు ముఖాలూ సమానంగా తగలాలి. అరచేతి మీద ఆడించేవాళ్లూ ఉన్నారు. చెయ్యి తెగే పని కాబట్టి దాన్ని నేను ఎవరికీ చెప్పను.

బ్లేడు మందం మిల్లీమీటరులో పదోవంతు. వేలు కాస్త బరువెక్కితే అది వంగి, అంచు తోలును పొడుస్తుంది. ఆ సంగతి చెవికి వెంటనే తెలుస్తుంది. సరిగ్గా లాగినప్పుడు ఒకే తీరున వచ్చే చప్పుడు, బరువు పడగానే గరగరమంటుంది. వింటూ వింటూ చెయ్యి తేలికవుతుంది. ఆ తేలికే రేజరు పట్టుకున్నప్పుడూ వస్తుంది. నా గడ్డం మంట లేకుండా నున్నగా రావడానికి తోలు దిద్దిన అంచు ఎంత కారణమో, తోలు దిద్దిన చెయ్యి అంతకంటే ఎక్కువ కారణం.

ఈ పని సొంత బ్లేడుకే, సొంత ముఖానికే. ఒకరి బ్లేడు ఇంకొకరికి వాడితే హెపటైటిస్, హెచ్‌ఐవీ లాంటివి రక్తం వెంట పాకే ప్రమాదం ఉంది. అందుకే సెలూన్లలో పాత కత్తి పోయి, బ్లేడు మార్చే కత్తి వచ్చింది. కాగితంలో ఉండగానే బ్లేడును సగానికి విరిచి, మనిషికో సగం వేస్తారు. తిరుమల కల్యాణకట్టలోనూ చాలాకాలం భక్తుడికో సగం బ్లేడు ఇచ్చే పద్ధతి నడిచింది. అక్కడ కొత్త అంచే న్యాయం. తోలు మీద ఆడించిన బ్లేడు అక్కడ పనికిరాదు, పనికి రాకూడదు కూడా.

ఆయువు తీరిన బ్లేడుకూ ఒక దారి చూపాలి. దాన్ని అలాగే చెత్తలో పడేస్తే తెగేది చెత్త ఎత్తే మనిషి చెయ్యి. ఖాళీ డబ్బా మూతకు సన్నటి గాటు పెట్టి, అందులోకి జారవిడిస్తూ ఉంటే చాలాకాలం సరిపోతుంది. నిండాక మూత మూసి, లోపల బ్లేడ్లున్నాయని పైన రాసి ఇవ్వాలి.

ఇవన్నీ విన్నాక తోలు కొనాలా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పాత బెల్టు ఉంటే ప్రయత్నించండి, లేకపోతే కొనక్కర్లేదు. రేపు పొద్దున గడ్డాన్ని ఇంకో రెండు నిమిషాలు నాననిచ్చి, రేజరు మీద వేసే బరువు సగానికి తగ్గించి చూడండి. అదే బ్లేడు మెత్తగా నడవడం మీకే తెలుస్తుంది. ఆ తర్వాత తోలు పట్టాలో వద్దో మీ చెయ్యే చెబుతుంది.