పడిపోతే లేపేదెవరు?

అమ్మకి డయాలసిస్ అయిన రాత్రి ఆమెకి నిద్ర పట్టదు, నాకూ పట్టదు. పలాస నుంచి తిరిగొచ్చాక ఆమెకి కొలిచిన నీళ్ళు ఇచ్చి, మంచం పక్కన కుర్చీ వేసుకుంటాను. అలాంటి రాత్రుల్లోనే, మేనల్లుడు హైదరాబాదు వెళ్తూ వదిలేసిన లాప్‌టాప్‌లో ‘బోర్డర్‌లాండ్స్ 2’ ఆడటం మొదలుపెట్టాను. టెక్కలిలో పిల్లలకి తెలుగు చెప్పుకునే యాభై ఏళ్ళ మనిషిని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. “ఏటే, అర్ధరాత్రేళ ఎవుల్ని సంపుతున్నావు?” అని అమ్మే పక్కింటి వాళ్ళ ముందు బయటపెట్టింది.

సాహిత్యం గురించి మాట్లాడుకునే చోట తుపాకుల ఆట సంగతేమిటని మీరనుకోవచ్చు. మన పిల్లలు నవలలకంటే ఎక్కువ గంటలు గడిపే కథలు ఇప్పుడు ఇవే. వాటిని మనం చదవకపోతే ఎవరు చదువుతారు?

గేర్‌బాక్స్ సంస్థ 2009లో తెచ్చిన ఆటకి 2012లో వచ్చిన కొనసాగింపు ఇది. పండోరా అనే గ్రహం. దాని కడుపులోని ఎరీడియం అనే ఖనిజం కోసం హైపీరియన్ కంపెనీ వచ్చి పడింది. దాని అధిపతి హ్యాండ్‌సమ్ జాక్ తానే ఈ గ్రహాన్ని ఉద్ధరిస్తున్నానని నిజంగానే నమ్ముతాడు. మనం చేసే పని చంపడం, చచ్చినవాళ్ళ దగ్గర రాలిన తుపాకులు ఏరుకోవడం, అంతకంటే మంచివి దొరికితే పాతవి అమ్మెయ్యడం. దీన్నే వాళ్ళు లూట్ అంటారు. ఈ మాట కంపెనీ దొరల కాలంలో మన దేశం నుంచే ఇంగ్లీషులోకి పోయింది. లూటీ అయినవాళ్ళ మాటని లూటీ చేసుకుని, ఆటగా మనకే తిరిగి అమ్ముతున్నారన్నమాట.

నలుగురు కలిసి ఆడటానికి వీలుగా కట్టిన ఆట ఇది. నేను ఒక్కదాన్నే ఆడాను. ఒంటరిగా ఆడేవాళ్ళకి ఇందులో నిజమైన సుఖాలున్నాయి. అన్నిటికంటే పెద్దది, ఆట ఆగుతుంది. అమ్మ మూలిగితే ఒక్క మీట నొక్కి లేచి వెళ్ళొచ్చు. మీద పడబోతున్న రాక్షసుడు గాల్లోనే నిలబడి నాకోసం చూస్తుంటాడు. నలుగురితో ఆడుతుంటే ఆ వీలు లేదు. మధ్యలో లేవాల్సి వచ్చే ఆడవాళ్ళకి ఆగే ఆటే ఆట. రెండోది, ఆడేవాళ్ళ సంఖ్యని బట్టి శత్రువుల బలం పెరుగుతుంది కాబట్టి ఒక్కరికి ఒక్కరి కష్టమే ఉంటుంది. మూడోది, ఇందులో రాలిన తుపాకీ ముందు చెయ్యి వేసినవాళ్ళది. ఎవరి వాటా వాళ్ళకి వేరుగా రాలే ఏర్పాటు 2019లో వచ్చిన మూడో భాగంలోగాని రాలేదు. ఒంటరిదానికి ఆ పేచీ లేదు. దొరికిందంతా నాదే.

ఆ ఏరుకోవడంలో ఉన్న మత్తు నాకు కొత్త కాదు. తుపాకులకి రంగులుంటాయి: తెలుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా, చాలా అరుదుగా నారింజ. అమ్మ ఒకప్పుడు పలాసలో జీడిపప్పు ఏరేది. నిండు పప్పు ఒక పక్క, బద్దలు ఒక పక్క, ముక్కలు ఇంకో పక్క. నిండు పప్పులోనూ డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని రకాలు. 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గింజలు తూగేది. అమ్మకి తూకం అక్కర్లేదు, కళ్ళే చెప్పేవి. పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు జీడి రసానికి నల్లబడి పొరలు ఊడేవి. నేను ఏరిన నారింజ తుపాకీ నా సంచిలోకి వస్తుంది. అమ్మ ఏరిన మంచి పప్పు మా ఇంటికి ఏనాడూ రాలేదు. శ్రమలోని సరదాని మాత్రమే తీసుకుని, పరాయీకరణని పక్కన పెట్టేసిన పని ఈ ఆట. అందుకే మానలేకపోయాననుకుంటాను.

లోపాలు తక్కువేం కాదు. సగం ఊరు శుభ్రం చేసి ఆపేసి మర్నాడు వస్తే శత్రువులంతా మళ్ళీ మొదటి చోటే నిలబడి ఉంటారు. తోమిన అంట్లు తెల్లారేసరికి మళ్ళీ సింకులో ఉన్నట్టు. మూడో విడత ఆటలో శత్రువుల మీద స్లాగ్ అనే పదార్థం పోయ్యనిదే గుండ్లు ఎక్కవు. నలుగురుంటే ఒకరు పోస్తారు, మిగిలినవాళ్ళు కాలుస్తారు. ఒక్కతే అయితే అదీ ఇదీ తానే. ఆ సంగతి మనకెవరూ నేర్పక్కర్లేదు.

అసలు లోపం వేరే. దెబ్బ తిని పడిపోతే కొన్ని క్షణాల గడువుంటుంది. తోడున్నవాళ్ళు వచ్చి చెయ్యిచ్చి లేపుతారు. ఒంటరిగా ఉంటే లేవడానికి మిగిలిన దారి, పడి ఉండే ఎవరినో ఒకరిని చంపడం. చంపితే ప్రాణం లేచొస్తుంది. చుట్టూ చిన్నాచితకా శత్రువులు లేని పెద్ద రాక్షసుడి దగ్గర పడితే ఇక అంతే. తిరిగి పుట్టించే యంత్రం కూడా హైపీరియన్‌దే. మన డబ్బులో కొంత కోసుకుని మరీ పుట్టిస్తుంది. ఒంటరి మనిషి లేవాలంటే మరొకరు పడాలి అనే సూత్రాన్ని వినోదంగా మింగించడం నాకు మింగుడు పడలేదు.

2012లో ఈ ఆట రూపకర్తల్లో ఒకరు, గెయిజ్ అనే అమ్మాయి పాత్రకి ఇచ్చిన తేలిక నైపుణ్యాల వరసని ‘గర్ల్‌ఫ్రెండ్ మోడ్’ అని ఇంటర్వ్యూలో అనేశాడు. గోడకి తగిలిన గుండు కూడా ఎగిరి శత్రువుని వెతుక్కునే నైపుణ్యం అందులో ఉంది. గొడవయ్యాక అలాంటి పేరేమీ ఆటలో లేదని సంస్థ అధిపతి చెప్పుకున్నాడు. పేరు లేదు, నిజమే. ఆట చేతకాని ఆడది మగవాడి పక్కన కూర్చుంటుందనే ఊహ మాత్రం ఉంది. ఏ మగవాడి పక్కనా కూర్చోకుండా ఒక్కతే ఆడే ఆడది వాళ్ళ లెక్కలోనే లేదు.

అయినా ఈ కథని కొట్టిపారెయ్యలేను, ఏంజెల్ వల్ల. మొదటి నుంచీ మనకి దారి చెప్పే గొంతు ఆమెది. చివరికి తెలుస్తుంది, ఆమె జాక్ కన్నకూతురని. ఆమెకున్న శక్తి కోసం గదిలో బంధించి, ఒంట్లోకి ఎరీడియం ఎక్కిస్తూ, గనిని తవ్వుకున్నట్టు ఆమెని తవ్వుకుంటుంటాడు. తనని బతికిస్తున్న ఆ యంత్రాలని పగలగొట్టమని ఏంజెల్ మననే అడుగుతుంది. ఆ గొట్టాల మీద గురి పెట్టిన రాత్రి పక్క మంచం మీద అమ్మ చేతికి పొద్దున సూదులు దిగిన చోట కట్టు ఉంది. మీట నొక్కడానికి చాలాసేపు పట్టింది. ఏంజెల్ చనిపోగానే జాక్ లిలిత్‌ని ఎత్తుకుపోయి ఆ స్థానంలో పెడతాడు. ఒకామె అయిపోతే ఇంకొకామె. ఇంత పదునుగా పితృస్వామ్యాన్ని చూపించిన ఆట, మర్నిమిషంలో మళ్ళీ తుపాకులు ఏరుకోమంటుంది.

ఈ గ్రహం మీద ఓవర్‌లుక్ అనే ఊరుంది. ఊరంతా జబ్బు. కంపెనీ దగ్గర మందులు దోచి తెచ్చిస్తే ఆ పని పూర్తయినట్టు తెర మీద పడుతుంది. ఓవర్‌లుక్ అంటే పైనుంచి చూడటం, చూసీ చూడనట్టు పోవడం కూడా. మా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీలు పాడవుతూనే ఉన్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. పని పూర్తయిందని చెప్పే తెర మాత్రం ఇక్కడ లేదు.

పండోరాలో కంపెనీని ఒక్క వీరురాలు కూల్చగలదు. 2010లో సోంపేట బీలలో, 2011లో కాకరాపల్లి తంపరలో థర్మల్ కంపెనీలకి ఎదురు నిలిచినవాళ్ళు ఊళ్ళకి ఊళ్ళు, ఆడవాళ్ళు ముందు వరసలో. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సోంపేటలో ప్లాంటు రాలేదు. ఆ గెలుపు ఏ ఒక్కరి సంచిలోకీ పోలేదు. ఈ ఆటకి ఊహించడం చేతకానిది అదే.

మొన్న ఆటో దిగుతూ అమ్మ తూలింది. నేను డబ్బులు ఇస్తున్నాను. నేను తిరిగేలోపే, అదే ఆటోలో వచ్చిన, ఆమెలాగే సూదులు గుచ్చించుకుని వస్తున్న కవిటి ఆవిడ జబ్బ పట్టుకుని నిలబెట్టింది. “బేగి దిగకమ్మా, నిదానం” అంది. ఆ రాత్రి కూడా ఆడాను. ఒక్కదాన్నే, పడిపోయాను, ఎవరినో చంపి లేచాను. అమ్మ నీళ్ళడిగితే ఆట ఆపి లేచి వెళ్ళాను.