గెట్టు అవతలాయన సల్లంగుండాలె

మా దౌల్తాబాద్ వైపు మనిషికి నిద్ర లేకుండా చేసేవాటిలో గెట్టు పంచాయితి ఒకటి. దుక్కి దున్నినప్పుడల్లా పక్క చేనాయన ట్రాక్టరు ఒక సాలు ఇటు జరుగుతుంది. సర్వేయర్ వచ్చి కొలుస్తాడు, హద్దురాయి పాతుతారు, మళ్లీ వానాకాలం నాటికి ఆ రాయి కనబడదు. భూమి రికార్డుల కోసం 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. భూమి ఎవరిదో కాగితాల్లో తేలొచ్చు గానీ, లోపల మండే కోపాన్ని దించుకునే దారి ఏ ఆఫీసులోనూ దొరకదు. నా కందిచేనుకూ అలాంటి గెట్టే ఉంది. రాత్రిపూట కన్నంటుకుంటే చాలని మైత్రి భావన, అంటే అందరి మేలు కోరే ధ్యానం, మొదలుపెట్టాను.

ఇది పాత సాధన. చిత్తం తేటపడాలంటే సుఖంగా ఉన్నవాళ్ల పట్ల మైత్రి పెంచుకోవాలని పతంజలి యోగసూత్రాల్లోనే ఉంది. క్రీ.శ. 5వ శతాబ్దంలో శ్రీలంకలో బుద్ధఘోషుడు రాసిన ‘విశుద్ధిమార్గం’ దానికొక వరుస పెట్టింది. ముందు తనకు తాను మేలు కోరుకోవాలి. తర్వాత గురువు లాంటి పెద్దలకు, ఆపైన ఆప్తులకు, ఆ తర్వాత ప్రేమా పగా లేని మనిషికి, చిట్టచివర పగవాడికి.

తెల్లవారుజామున తాండూరు బండల అరుగు మీద కూర్చుని, మా పెద్దమనుషులు దీవించే మాటతోనే మొదలుపెడతాను. ‘నేను సల్లంగుండాలె’ అనుకోవడానికే మొదట నోరు రాదు. కడుపు కట్టుకుని పిల్లల్ని సాకిన ఇళ్లలో పుట్టినవాళ్లకు తమ మేలు తాము కోరుకోవడం స్వార్థంలా తోస్తుంది. బుద్ధఘోషుడి తర్కం వేరు. నాకు సుఖం కావాలి, నొప్పంటే భయం, ఎదుటివాడికీ అంతే. ఇందుకు నాకు నేనే సాక్షిని. ఆ సాక్ష్యం లేకుండా నేరుగా పగవాడి దగ్గరికి పోతే పళ్లు కొరుక్కోవడమే మిగులుతుంది.

నడిమి మనిషి దగ్గర ఇంకో చిక్కు. కొడంగల్ బస్సులో రోజూ టికెట్ కొట్టే కండక్టర్ మీద నాకు కోపం లేదు, అసలు ఆయన ముఖమే గుర్తుండదు. ఆయన మేలు కోరాలంటే ముందు ఆయన్ని చూడాలి. పగవాడి ముఖం కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఎక్కువ సాధన కావలసింది ఇలా ముఖం గుర్తుండని నడిమి మనుషుల కోసమే.

పగవాడి దగ్గర కోపం లేస్తే వెనక్కి వచ్చి ఆప్తుల దగ్గర మళ్లీ మొదలుపెట్టమంటుంది ఆ గ్రంథం. వాడిలోని ఒక్క మంచి గుణమైనా వెతకమంటుంది. ఏదీ పనిచేయకపోతే వాడికి ఏదైనా ఇవ్వమంటుంది. కంది కోతలప్పుడు పక్కాయన ఇంటికి పచ్చికాయలు పంపి చూశాను. గెట్టు అంగుళం జరగలేదు, ఎదురుపడితే పలకరింపు మాత్రం వచ్చింది.

మైత్రి భావన నేర్చుకోవడానికి మనకు దూరం పోనక్కర్లేదు. ఎస్.ఎన్. గోయెంకా పద్ధతిలో విపశ్యన ధ్యానం నేర్పే ధమ్మఖేత్త కేంద్రం హైదరాబాద్ వనస్థలిపురం దగ్గర 1976 నుంచి ఉంది. పది రోజుల శిబిరానికి ఫీజు లేదు. మైత్రి భావన నేర్పేది పదో రోజున. అన్ని రోజులు తన మనసును తాను చూసుకున్నాకే లోకానికి మేలు కోరడం! అమెరికాలో బార్బరా ఫ్రెడ్రిక్‌సన్ బృందం 2008లో ప్రచురించిన పరిశోధనలో, 139 మంది ఉద్యోగుల్లో మైత్రి ధ్యానం చేసినవాళ్లకు సంతోషం, కృతజ్ఞత వంటి భావాలు మెల్లమెల్లగా పెరిగాయి. మెల్లమెల్లగా అన్నదే ఇక్కడ అసలు మాట.

అన్నిటికీ ఇదే మందు అనుకోవద్దు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా డాక్టరును కలవాలి. ప్రభుత్వ టెలి మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మైత్రి అంటే హక్కు వదులుకోవడమూ కాదు. పక్కాయన సల్లంగుండాలె, నా భూమి నాకుండాలె. ఈ రెండు కోరికల మధ్య పేచీ లేదు. కాబట్టి పగవాడితో మొదలుపెట్టకండి, మీతో మొదలుపెట్టండి. సర్వే దరఖాస్తు మాత్రం వెనక్కి తీసుకోకండి.